తుపాకీ మీద పేరు: కలాష్నికోవ్ అవ్తోమత్ రూపకల్పనలో కర్తృత్వ సమస్య

ఆయుధానికి రూపకర్త పేరు పెట్టడం రష్యన్ సైన్యంలో మొదటి నుంచీ ఉన్న ఆచారం కాదు. 1891లో జారు ప్రభుత్వం స్వీకరించిన రైఫిల్‌లో అధికభాగం సెర్గేయ్ మోసిన్ అనే సైనికాధికారి రూపొందించినదే. అయితే పోటీలో ఆయనకు ప్రత్యర్థిగా నిలిచిన బెల్జియం దేశీయుడు లియోన్ నగాన్ ఆలోచనలు కూడా కొన్ని అందులో చేరాయి. ఒకరి పేరే ఉంచడం ఉచితం కాదనుకున్న జారు మూడవ అలెగ్జాండర్ ఆ తుపాకీకి వ్యక్తినామమే లేకుండా చేశాడు. 'మూడు లైన్ల రైఫిల్, 1891 నమూనా' అన్నదే దాని అధికారిక నామం. అంగుళంలో పదో వంతును రష్యన్లు 'లైన్' అనేవారు. మూడు లైన్లంటే 7.62 మిల్లీమీటర్లు, గొట్టం లోపలి వ్యాసం. మోసిన్ 1902లో మరణించాడు. ఆయన పేరు ఆ రైఫిల్‌కు తోడైంది చాలా కాలం తర్వాత, సోవియట్ పాలనలో.

ఈ విషయంలో సోవియట్ రాజ్యం జారు రాజ్యానికి ఎదురు దారి పట్టింది. సమష్టి శ్రమను సిద్ధాంతంగా ప్రకటించుకున్న వ్యవస్థే ఆయుధాలకు వ్యక్తుల పేర్లు తగిలించడం ఒక విశేషం. తొకారెవ్ పిస్టల్, దెగ్త్యారొవ్ మరతుపాకి, ష్పాగిన్ సబ్ మెషీన్ గన్, సీమొనొవ్ కార్బైన్ ఇలా వచ్చిన పేర్లే. ఈ వరుసలో 1949లో చేరినది 'అవ్తోమత్ కలాష్నికోవా'. ప్రపంచం దానిని ఎకె-47గా పిలుస్తుంది. సైన్యం స్వీకరించినప్పుడు దాని పేరు ఉత్త 'ఎకె' మాత్రమే, 47 అన్నది నమూనా తయారైన సంవత్సరం. తెలుగు పత్రికలతో సహా లోకమంతా ఎకె-47 అని రాసే తుపాకుల్లో చాలావరకు నిజానికి 1959 తర్వాతి రకాలో, ఇతర దేశాలు చేసిన ప్రతులో అయి ఉంటాయి.

ఈ తుపాకీ పుట్టుక గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. గాయపడిన సామాన్య సైనికుడొకడు ఆసుపత్రి మంచం మీద పడుకొని దీనిని ఊహించాడనేది మొదటిది. జర్మన్ తుపాకీని చూసి నకలు తీశారనేది రెండోది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు కథలకూ పునాది ఒక్కటే: ఆయుధానికి ఒకే ఒక్క కర్త ఉండి తీరాలన్న భావన. కర్తృత్వ చర్చ తెలుగు పరిశోధనకు కొత్త కాదు. క్రీడాభిరామం శ్రీనాథుడిదా, వినుకొండ వల్లభరాయుడిదా అన్న వాదం తరాల తరబడి నడిచింది. అయితే కావ్యం విషయంలో కర్తృత్వం ప్రధానంగా కీర్తికి సంబంధించినది. తుపాకీ విషయంలో అది చావులకు సంబంధించిన జవాబుదారీగా కూడా మారుతుంది. 1943-49 మధ్య ఈ రూపకల్పన నడిచిన తీరును పరిశీలించి, అందులో వ్యక్తి వంతు ఎంతో, ఆ వంతుకు మించి ఒక పేరు మీద ఎంత బరువు పడిందో నిర్ణయించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

తూటా ముందు, తుపాకీ తర్వాత

ఎకె చరిత్ర తుపాకీతో మొదలు కాదు, తూటాతో మొదలవుతుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి రైఫిల్ తూటాలు వెయ్యి మీటర్ల అవతలి లక్ష్యాన్ని కూడా ఉద్దేశించినవి. పదాతి సైనికులు నిజంగా కాల్పులు జరుపుకొనే దూరం మూడు, నాలుగు వందల మీటర్లకు మించడం అరుదు. ఆ బలమైన తూటాను చేతిలో పట్టుకొని వరుసగా పేలిస్తే ఎదురుతన్నుకు తుపాకీ అదుపు తప్పుతుంది. మరోవైపు సబ్ మెషీన్ గన్లలో వాడే పిస్టల్ తూటా వరుస కాల్పులకు అనువైనదే కాని, రెండు వందల మీటర్లు దాటితే దాని ప్రభావం క్షీణిస్తుంది. ఈ రెండింటి నడుమ ఒక తూటా కావాలన్న ఆలోచన రష్యాలో పాతదే. వ్లదీమిర్ ఫ్యోదొరొవ్ 1916లోనే జపాన్ రైఫిల్ వాడే 6.5 మిల్లీమీటర్ల తేలికపాటి తూటాతో స్వయంచాలక రైఫిల్ తయారుచేశాడు. అది కొద్దిమంది సైనికుల చేతికి వెళ్ళింది. 'అవ్తోమత్' అనే రష్యన్ పేరు ఆ తుపాకీకి చెందినదే.

ఆ ఆలోచనను భారీ ఎత్తున ఆచరణలో పెట్టినవారు జర్మన్లు. రైఫిల్ తూటాను పొట్టిచేసి, దానికి తగిన తుపాకీని జూల్ నగరంలోని హేనెల్ సంస్థలో హ్యూగో ష్మైసర్ రూపొందించాడు. పేర్లు మారుతూ వచ్చిన ఆ ఆయుధం చివరకు ఎస్‌టిజి-44 అయింది. దాని తొలి రూపం సోవియట్ సైన్యానికి చిక్కింది. 1943 జూలై 15న ఆయుధ మంత్రిత్వ శాఖ సాంకేతిక మండలి ఆ తుపాకీని, అమెరికన్ ఎం-1 కార్బైన్‌ను ముందు పెట్టుకొని సమావేశమైంది. తమకూ ఇటువంటి మధ్యమ తూటా ఒకటి కావాలని నిర్ణయించింది. నికొలాయ్ యెలిజారొవ్, బొరీస్ స్యోమిన్ ఆ పనికి పూనుకొన్నారు. 1943 నమూనా 7.62 మిల్లీమీటర్ల తూటా ఆ విధంగా పుట్టింది. మొదట 41 మిల్లీమీటర్లుగా ఉన్న తొడుగు పొడవు తర్వాత 39కి స్థిరపడింది. ఈ ఒక్క తూటా చుట్టూ మూడు ఆయుధాలు కావాలని సైన్యం కోరింది: కార్బైన్, అవ్తోమత్, తేలికపాటి మరతుపాకి. తుపాకీ బరువు, గొట్టం పొడవు, మ్యాగజీన్ వంపు వంటి అనేక నిర్ణయాలు తూటా నిర్ణయంలోనే ఇమిడి ఉన్నాయి. తూటా తొడుగు ముందు వైపుకు సన్నబడుతూ రావడం వల్లనే అవి పేర్చిన మ్యాగజీన్ వంపు తిరుగుతుంది. ఎకెకు ప్రపంచం గుర్తుపట్టే రూపురేఖను ఇచ్చిన ఆ వంపులో యెలిజారొవ్, స్యోమిన్ల వంతు ఉంది. వారి పేర్లు ఎక్కడా వినిపించవు.

అవ్తోమత్ బాధ్యత తొలుత కలాష్నికోవ్‌కు దక్కలేదు. ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాద్‌లో చౌకైన, గట్టి సబ్ మెషీన్ గన్ తయారుచేసి పేరు పొందిన అలెక్సేయ్ సుదాయెవ్ ఈ రంగంలో అందరికన్నా ముందున్నాడు. 1944లో ఆయన చేసిన నమూనా మంచిదే కాని బరువైనదని సైన్యం అభ్యంతరం చెప్పింది. బరువు తగ్గించే పనిలో ఉండగా ఆయన జబ్బుపడి 1946 ఆగస్టులో, 34 ఏళ్లు నిండకుండానే మరణించాడు. సుదాయెవ్ బతికి ఉంటే ఆ తుపాకీ మీద ఎవరి పేరు ఉండేదన్న ప్రశ్నను పరిశోధకులు ఊహ అని తోసిపుచ్చవచ్చు. అయినా ఒక పేరు వెనుక యాదృచ్ఛికత ఎంత ఉందో చెప్పడానికి ఈ ప్రశ్న పనికివస్తుంది.

దాచిన బాల్యం, మారుపేరు

మిఖయీల్ కలాష్నికోవ్ 1919 నవంబరు 10న అల్తాయ్ ప్రాంతంలోని కుర్యా గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. ఆ తల్లికి పుట్టిన పంతొమ్మిది మందిలో ఎనిమిది మందే బతికారు. 1930లో ప్రభుత్వం ఆ కుటుంబానికి 'కులక్' ముద్ర వేసి, ఉన్నదంతా స్వాధీనం చేసుకొని తోమ్‌స్క్ ప్రాంతానికి వెళ్ళగొట్టింది. తండ్రి మొదటి చలికాలంలోనే చనిపోయాడు. కౌమారంలో ఉన్న మిఖయీల్ దొంగ కాగితాలతో ఆ ప్రవాసం నుంచి బయటపడి, కజకస్తాన్‌లోని మతాయ్ రైల్వే డిపోలో పనికి కుదిరాడు. ఈ గతాన్ని ఆయన సోవియట్ యుగం పొడవునా దాచిపెట్టాడు. స్టాలిన్ బహుమతి అందుకొని, సుప్రీమ్ సోవియట్ సభ్యుడై, రాజ్యం తన ఆదర్శ పౌరుడిగా చూపుకొన్న వ్యక్తి అదే రాజ్యం వెలివేసిన కుటుంబంవాడు. ఆయన జీవితచరిత్రను వీరగాథగా రాసినవారు ఈ భాగాన్ని ఎలా దాటవేశారన్నది ప్రత్యేకంగా అధ్యయనం చేయదగిన అంశం.

1938లో సైన్యంలో చేరి ట్యాంకు నడపడం నేర్చుకొన్న కలాష్నికోవ్ 1941 అక్టోబరులో బ్ర్యాన్‌స్క్ సమీపంలో గాయపడ్డాడు. ఆసుపత్రి కథ అబద్ధం కాదు. కాని ఆ మంచం మీద ఆయన ఊహించినది ఎకె కాదు, ఒక సబ్ మెషీన్ గన్. సెలవు మీద మతాయ్ డిపోకు వెళ్ళి, అక్కడి పనివారి సాయంతో దానిని తయారుచేశాడు. అల్మా అటాకు తరలివచ్చిన మాస్కో విమానయాన సంస్థ కార్యశాలలో మరో నమూనా రూపుదిద్దుకొంది. సమర్‌కండ్‌లో ఉన్న ఫిరంగిదళ అకాడమీలో అనతోలి బ్లాగొన్రావొవ్ ఆ నమూనాను చూశాడు. తుపాకీలో లోపాలున్నా చేసినవాడిలో సత్తా ఉందని గుర్తించి సిఫారసు చేశాడు. 1943లో సైన్యం ఆ సబ్ మెషీన్ గన్‌ను తిరస్కరించింది. ఉన్నవాటికన్నా ఇది సంక్లిష్టం, ఖరీదు. తిరస్కారంతో పాటు మాస్కో సమీపంలోని షురోవో పరీక్షా క్షేత్రంలో పనిచేసే అవకాశం దక్కింది. వ్యక్తికి, వ్యవస్థకు మధ్య ముడి పడినది అక్కడే. ఆ క్షేత్రంలో దేశదేశాల తుపాకులు ఉండేవి, వాటి పరీక్షా నివేదికలు ఉండేవి, వాటిని విప్పి చూసి తర్కించే ఇంజనీరు అధికారులు ఉండేవారు. ఇంజనీరింగ్ పట్టా లేని సార్జంటుకు అంతకన్నా పెద్ద విశ్వవిద్యాలయం మరొకటి ఉండదు. 1944లో ఆయన చేసిన కార్బైన్ సీమొనొవ్ చేతిలో ఓడింది. కాని అమెరికన్ గరాండ్ రైఫిల్ నుంచి గ్రహించిన తిరిగే బోల్టు పద్ధతి ఆయన చేతికి వచ్చింది ఆ ఓటమిలోనే.

1946 పోటీలో నిర్ణేతలకు రూపకర్త ఎవరో తెలియకూడదన్నది నియమం. ప్రణాళికలను మారుపేర్లతో సమర్పించాలి. కలాష్నికోవ్ తన పేరు, తండ్రి పేరు కలిపి 'మిఖ్తిమ్' అని పెట్టుకొన్నాడు. తర్వాతి కాలంలో ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన ఆయుధనామంగా మారినది పోటీలో అనామకంగా ప్రవేశించింది.

కొవ్రోవ్: నియమం దాటిన మార్పు

ఆమోదం పొందిన ప్రణాళికను నమూనాగా మలచడానికి కలాష్నికోవ్ కొవ్రోవ్ కర్మాగారానికి వెళ్ళాడు. అది దెగ్త్యారొవ్ వంటి ఉద్దండుడి స్థావరం. పోటీదారులలో ఒకడైన దెమెంత్యెవ్ కూడా అదే కర్మాగారంవాడు. బయటి నుంచి వచ్చిన సార్జంటుకు తోడుగా నియమితుడైన యువ రూపకర్త అలెక్సాందర్ జైత్సెవ్. 1947 వేసవిలో తొలి విడత పరీక్షలు జరిగాయి. కలాష్నికోవ్ నమూనాతో పాటు తూలాకు చెందిన బుల్కిన్, దెమెంత్యెవ్ నమూనాలు కూడా పూర్తిగా తృప్తి కలిగించలేదు. ఇప్పుడు ఎకె-46 అని వ్యవహరించే ఆ తొలి తుపాకీని చూస్తే, అది తర్వాతి ఎకెకు తోబుట్టువులా కాక దూరపు బంధువులా కనిపిస్తుంది. దాని పిస్టన్, బోల్టును మోసే భాగం వేర్వేరు. సేఫ్టీ మీట, కాల్పుల రకాన్ని మార్చే మీట ఎడమవైపున విడివిడిగా ఉంటాయి.

తుది పరీక్షలకు గడువు దగ్గరపడుతుండగా కొవ్రోవ్‌లో ఆ తుపాకీని దాదాపు మొదటి నుంచీ మార్చివేశారు. పిస్టన్‌ను, బోల్టు వాహకాన్ని ఒకే భాగంగా కలిపారు. గొట్టాన్ని పొట్టిచేశారు. సేఫ్టీ, కాల్పుల మార్పిడి, దుమ్ము పడకుండా మూత, ఈ మూడు పనులనూ కుడివైపున ఉన్న ఒకే పొడవాటి మీటకు అప్పగించారు. ఈ సంపూర్ణ పునర్నిర్మాణం తన ప్రతిపాదనేనని, సమయం చాలదని కలాష్నికోవ్ మొదట వెనుకాడాడని జైత్సెవ్ తర్వాత చెప్పాడు. ఆమోదించిన నమూనాను ఇంతగా మార్చడం పోటీ నియమాలకు విరుద్ధమని కలాష్నికోవ్ కూడా తన జ్ఞాపకాలలో దాచలేదు. ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చదివితే వివాదం కన్నా ఏకీభావమే ఎక్కువగా కనిపిస్తుంది. ఎకె పుట్టినది 1946 నాటి కాగితం మీద కాదు, 1947 చివరి నెలల్లో, ఇద్దరు యువకుల నడుమ, ఓడిపోతామన్న భయంలో.

ఈ మార్పులలో ఏదీ పూర్తిగా కొత్తది కాదు. తిరిగే బోల్టు గరాండ్‌ది. కుడివైపు పొడవాటి మీట జాన్ బ్రౌనింగ్ రూపొందించిన రెమింగ్టన్ వేట రైఫిల్‌లో ఎప్పుడో కనిపించినదే. పిస్టన్‌ను వాహకంతో కలిపే ఏర్పాటు ప్రత్యర్థి బుల్కిన్ తుపాకీలో ఉంది. సోవియట్ పోటీలలో ఇలా తీసుకోవడాన్ని చౌర్యంగా చూసేవారు కాదు. ఒకరి పరిష్కారాన్ని మరొకరు స్వీకరించడాన్ని సైన్యమే ప్రోత్సహించేది. కొత్తదనం ఉన్నదల్లా కూర్పులో. కదిలే భాగాలు బరువుగా, వాటి చుట్టూ ఖాళీ ఉదారంగా ఉండడం వల్ల ఇసుక, బురద, మంచు చేరినా యంత్రం ఆగదు. భాగాలను పొరపాటుగా అమర్చే వీలు తక్కువ. చలికాలపు చేతితొడుగులతో, అంతంతమాత్రం శిక్షణతో సైనికుడు దీనిని వాడగలగాలన్న లక్ష్యం ప్రతి భాగంలోనూ కనిపిస్తుంది.

1947 డిసెంబరు నుంచి 1948 జనవరి వరకు జరిగిన తుది పరీక్షల్లో మూడు నమూనాలు నిలిచాయి. గురి విషయంలో బుల్కిన్ తుపాకీ మెరుగు. వరుస కాల్పుల్లో కలాష్నికోవ్ తుపాకీ సైన్యం కోరిన గురి ప్రమాణాన్ని అందుకోలేకపోయింది. మొరాయించకుండా పనిచేయడంలో మాత్రం మిగిలిన రెండూ దానికి సాటి రాలేదు. లోపాన్ని సరిదిద్దేదాకా ఆగితే మరింత కాలం పోతుందని భావించిన సంఘం 1948 జనవరి 10న దానిని సిఫారసు చేసింది. ఎకె ఖ్యాతికంతటికీ మూలం ఈ నిర్ణయంలో ఉంది. గురి కన్నా నమ్మకం ముఖ్యమన్న విలువ నిర్ణయం రూపకర్తది కాదు, సంఘానిది. దానికి సంతకాలు ఉన్నాయి, పేరు లేదు.

ష్మైసర్ వాదం

జర్మన్ నకలు అన్న వాదానికి ఆధారంగా చూపేవి రెండు: పైరూపంలోని పోలిక, ష్మైసర్ స్వయంగా ఇజెవ్‌స్క్‌లో ఉండడం. రెండోది వాస్తవమే. యుద్ధానంతరం సోవియట్ అధికారులు జర్మన్ నిపుణులను తరలించినప్పుడు ఆయన 1946 శరత్కాలంలో ఇజెవ్‌స్క్ చేరి 1952 వరకు అక్కడే ఉన్నాడు. అయితే ఎకె రూపుదిద్దుకొన్నది ఇజెవ్‌స్క్‌లో కాదు, వందల కిలోమీటర్ల దూరంలోని కొవ్రోవ్‌లో. పోలిక సంగతి తుపాకీని విప్పితే తేలిపోతుంది. ఎస్‌టిజి-44 బోల్టు ఒరుగుతూ తాళం పడుతుంది, ఎకె బోల్టు తిరుగుతూ పడుతుంది. విప్పదీసే పద్ధతులు వేరు. జర్మన్ తుపాకీ ఋణం లేదని కాదు, ఉన్నది ఆలోచనలో: మధ్యమ తూటా, గొట్టం మీది వాయు నాళం, పొడవాటి వంపు మ్యాగజీన్ కలిసిన ఆయుధం సాధ్యమని, అవసరమని అది నిరూపించింది. పేర్ల విషయంలో ష్మైసర్‌కు మరో విచిత్రం కూడా జరిగింది. ఆయన రూపొందించని ఎంపి-40 సబ్ మెషీన్ గన్‌ను మిత్రరాజ్యాల సైనికులు 'ష్మైసర్' అని పిలిచారు. దాని వెనుక పని హైన్రిఖ్ ఫోల్మర్‌ది.

కర్మాగారం వంతు

1948లో ఇజెవ్‌స్క్‌లో సుమారు 1,500 తుపాకులు తయారై సైనిక దళాల పరీక్షకు వెళ్ళాయి. 1949 జూన్‌లో మంత్రిమండలి ఎకెను ఆమోదించింది. కలాష్నికోవ్‌కు ప్రథమ శ్రేణి స్టాలిన్ బహుమతి లభించింది. కాని ఆమోదించిన తుపాకీని ఆమోదించిన రీతిలో కర్మాగారం తయారుచేయలేకపోయింది. ఉక్కురేకును అచ్చులో నొక్కి తుపాకీ పెట్టెను చేయాలన్నది మొదటి ఆలోచన. అచ్చు పని అప్పటికి సోవియట్ కర్మాగారాలకు పట్టుబడలేదు. వంకర పోయి పక్కన పడేసినవి లెక్కకు మించాయి. దాంతో కొద్ది కాలానికే ఉక్కు దిమ్మెను మిల్లింగ్ యంత్రం మీద చెక్కే ఖరీదైన పద్ధతికి మళ్ళారు. తుపాకీ బరువెక్కింది. రేకు పెట్టె తిరిగి వచ్చినది 1959లో, ఎకెఎం పేరుతో, దాదాపు కిలో తక్కువ బరువుతో. ఏ పనివాడైనా, ఏ దేశంలోనైనా చేయగల చౌక తుపాకీ అన్న ఎకె ప్రతిష్ఠ 1947 నాటి రూపకల్పన ఇచ్చింది కాదు. దాని వెనుక పదేళ్ల కర్మాగార శ్రమ ఉంది. 1974లో చిన్న 5.45 మిల్లీమీటర్ల తూటాకు మారడం ఆ కథకు కొనసాగింపే.

ఇతర దేశాలకు దాని ప్రయాణాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సోవియట్ ప్రభుత్వం మిత్రదేశాలకు తుపాకులను మాత్రమే కాక, తయారీ వివరాలను కూడా ఇచ్చింది. చైనా, పోలండ్, తూర్పు జర్మనీ, హంగరీ, బల్గేరియా, రుమేనియా దీనిని సొంతంగా చేశాయి. మొజాంబిక్ జాతీయ పతాకం మీద దీని బొమ్మ ఉంది. భారతదేశపు ఇన్సాస్ రైఫిల్ బోల్టు, పిస్టన్ ఏర్పాటు ఈ వంశానిదే. ప్రపంచంలో ఈ రకం తుపాకుల సంఖ్య పది కోట్ల వరకు ఉంటుందన్న అంచనాలు ఉన్నాయి.

పేరు మోసిన బరువు

ఈ సంఖ్యే కర్తృత్వ ప్రశ్నకు మరో ముఖాన్ని ఇచ్చింది. కలాష్నికోవ్ దశాబ్దాల పాటు ఒకే సమాధానం చెప్పాడు: తాను మాతృభూమి రక్షణ కోసం తుపాకీ చేశానని, అది ఎవరి చేతికి వెళ్ళిందన్నది రాజకీయ నాయకుల పాపమని, తన నిద్రకు భంగం లేదని. రైతుకు పనికివచ్చే గడ్డికోత యంత్రం వంటిదేదైనా చేసి ఉంటే బాగుండేదని ఒకసారి అన్నాడు కూడా. ఈ సమాధానంలో ఒక తర్కవైరుధ్యం ఉంది. కీర్తి దగ్గర తుపాకీ ఆయనది, బాధ్యత దగ్గర అది రాజ్యానిది. అయితే ఆ వైరుధ్యాన్ని ఆయన ఒక్కడి లోపంగా చూడడం న్యాయం కాదు. సంఘాల నిర్ణయాన్ని, తూటా నిపుణుల పనిని, జైత్సెవ్ పట్టుదలను, కర్మాగారాల దశాబ్ద శ్రమను ఒక పేరు కింద మడిచిపెట్టింది రాజ్యం. అన్ని దేశాలకూ ఆయుధాన్ని పంచినదీ రాజ్యమే. పేరు మాత్రం ఇజెవ్‌స్క్‌లో సామాన్యమైన జీవితం గడిపిన ఆయనకు మిగిలింది.

ఆయన 2013 డిసెంబరు 23న, 94వ ఏట మరణించాడు. అంతకుముందు రష్యన్ ఆర్థడాక్స్ చర్చి అధిపతి కిరీల్‌కు ఆయన రాసిన లేఖను 2014 జనవరిలో 'ఇజ్వేస్తియా' పత్రిక ప్రచురించింది. తన తుపాకీ మనుషుల ప్రాణాలు తీసిందంటే, వారు శత్రువులే అయినా, ఆ మరణాలకు తాను బాధ్యుడినా అన్న వేదన ఆ లేఖ సారాంశం. దశాబ్దాల పాటు దాచినదీ, బహిరంగంగా నిరాకరించినదీ ఆ కాగితం మీద తొణికిసలాడుతుంది. స్వదేశ రక్షణకు ఉపయోగపడే ఆయుధాన్ని సృష్టించినవారిని చర్చి సమర్థిస్తుందని అక్కడి నుంచి వచ్చిన జవాబు. ఆ లేఖ రచనలో ఒక మతాచార్యుడు సాయపడి ఉండవచ్చని కలాష్నికోవ్ కుమార్తె అన్నట్టు అదే పత్రిక రాసింది. ఆ విధంగా ఆయన పశ్చాత్తాపానికి కూడా కర్తృత్వ సందేహం తప్పలేదు. కింద ఉన్న వణుకుతున్న సంతకం ఆయనది.

2017 సెప్టెంబరు 19న మాస్కో నడిబొడ్డున శిల్పి సలావత్ షెర్బకొవ్ మలచిన కలాష్నికోవ్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఈ తుపాకీ రష్యా సాంస్కృతిక చిహ్నమని సభలో సంస్కృతి శాఖ మంత్రి ప్రశంసించాడు, మతాచార్యుడు పవిత్ర జలం చల్లాడు. విగ్రహం వెనుక ఉన్న లోహఫలకం మీద కలాష్నికోవ్ కుటుంబానికి చెందిన పలు ఆయుధాలతో పాటు ఒక తుపాకీ అంతర్భాగాల చిత్రం చెక్కి ఉంది. మూడు రోజులు గడవకముందే ఆయుధచరిత్ర తెలిసినవారు దానిని గుర్తుపట్టారు. అది ఎకె కాదు, ష్మైసర్ ఎస్‌టిజి-44. సెప్టెంబరు 22న పనివారు గ్రైండర్‌తో వచ్చి ఆ భాగాన్ని కోసి తీశారు. ఫలకంలో ఆ చోట చతురస్రాకారపు ఖాళీ మిగిలింది.